సూదితో తెరిచిన బొటనవేలు

మొదట్లో అది పొద్దున పూట మాత్రమే ఉండేది. లేచి దుప్పటి మడత పెట్టబోతే కుడిచేతి బొటనవేలు లోపలికి వంగి అలాగే ఉండిపోయేది. ఎడమ చేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకునేది. నొప్పి మణికట్టు దాకా పాకేది. చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నానేమో అనుకున్నాను. ఉప్పు వేసిన వేడినీళ్లలో ముంచాను, బామ్ రాశాను. మౌలాలిలో మా ఇంటి నుంచి సైనిక్‌పురిలో నేను పనిచేసే పార్లర్‌కి షేర్ ఆటోలో చేరేసరికి కాస్త వదులయ్యేది. అందుకే రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు.

నేను ఐబ్రోస్ చేసే మనిషిని. ఇరవై రెండేళ్లుగా అదే నా పని. దారం ఒక కొసను పళ్ల మధ్య పట్టుకుని, మిగతాది రెండు చేతుల వేళ్లకూ చుట్టి, మధ్యలో మెలి వేస్తాం. బొటనవేలూ చూపుడువేలూ తెరుస్తూ మూస్తూ ఉంటే ఆ మెలి ముందుకూ వెనక్కూ ఉరుకుతూ వెంట్రుకను కుదురుతో సహా పీకేస్తుంది. చూసేవాళ్లకు పనంతా దారమే చేస్తున్నట్టుంటుంది. నిజానికి చేసేది బొటనవేలు. పెళ్లిళ్ల రోజుల్లో పొద్దున షురూ చేస్తే దీపాలు పెట్టేదాకా అది తెరుచుకుని మూసుకోవడమే. ఆ వేలు గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

మా దగ్గరికి మొదటి నుంచీ వచ్చే పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడ భర్త మిలిటరీలో చేసి రిటైరయ్యాడు. రెండు వారాలకోసారి వచ్చి నా కుర్చీలోనే కూర్చునేది, ఇంకెవరినీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఆ రోజు ఆవిడ ఎడమ కనుబొమ్మ కింద దారం పెట్టాను. మెలి రెప్ప దగ్గర ఉండగా నా వేలు మూసుకుంది, తిరిగి తెరుచుకోలేదు. దారం రెప్ప చర్మాన్ని పట్టుకుని అలాగే బిగిసింది. ఎడమ చేత్తో విడిపించుకునేలోపే నెత్తురు వచ్చేసింది.

ఆవిడ కేకలు వేయలేదు. దూది ఒత్తుకుని, రెండో కన్నుతో నా చేతిని చూసింది.

"నీ చేతికేమైంది?"

"ఏం లేదమ్మా, జెర పట్టేసింది."

"ఇది జెర కాదు," అంది. లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

పార్లర్ నడిపే మేడమ్‌ది గోదావరి జిల్లా. పెళ్లయి వచ్చి ఇక్కడే స్థిరపడింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కస్టమర్లందరూ వెళ్లాక నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"ఎన్నాళ్ల నుంచీ?"

"రెండు నెలలాయె మేడమ్."

"ముందే చెప్పాలి కదమ్మా. కంట్లో తగిలుంటే ఏమయ్యేది?"

నేను తల వంచుకున్నాను. ఆవిడ కౌంటర్ మీద దారపు ఉండలు సర్దుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఆ బోయిన్‌పల్లి అమ్మాయికి కూడా ఇలాగే వేలు పట్టేసేది కదూ? అదంతా నాటకమని నువ్వేగా చెప్పావు?"

దెప్పుతూ అనలేదు. నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు అంది.

ఆ అమ్మాయి మా దగ్గర చేరి అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. చేరినప్పుడు ఇరవై రెండేళ్లుంటాయి. దారం పట్టడం నేనే నేర్పాను. ఆరు నెలలు తిరిగేసరికి నాకంటే వేగంగా చేసేది, నొప్పి లేకుండా చేసేది. కస్టమర్లు తలుపు తీస్తూనే "ఆ చిన్నమ్మాయి ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. నా కుర్చీ ఖాళీగా ఉన్నా ఆమె కోసం ఆగేవాళ్లు. పైకి నవ్వేదాన్ని. లోపల మాత్రం ఆమె ఎప్పుడు తప్పు చేస్తుందా అని చూస్తుండేదాన్ని.

రెండో ఏడు ఆమె వేలు పట్టేయడం మొదలైంది. "అక్కా, తెరుసుకుంటలేదు," అని నా దగ్గరికే వచ్చేది. ఒక శనివారం పార్లర్ నిండా జనం. ఆమె మళ్లీ వేలు పట్టుకుని వచ్చింది. అందరి ముందూ ఆ వేలిని గట్టిగా పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. టక్కుమంది. ఆమె అరిచి కింద కూర్చుంది. "చూసిన్రా, మంచిగనే తెరుసుకుంటుంది," అన్నాను అందరితో. సాయంత్రం మేడమ్‌తో, పని ఎగ్గొట్టడానికి నాటకాలాడుతోంది, రష్ ఉన్న రోజే వేలు పట్టేస్తుందేమిటి అన్నాను. మేడమ్ నా మాట నమ్మింది. ఆ నెలాఖరుకి ఆ అమ్మాయిని మానుకోమంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఇదంతా నేను తలుచుకోలేదని చెబితే అబద్ధం. తలుచుకున్నప్పుడల్లా వేరే పని చూసుకునేదాన్ని.

చేతుల డాక్టరు వయసులో చిన్నవాడే. నా అరచేతిలో బొటనవేలు మొదలయ్యే చోట తన వేలు ఆనించి, "వంచండి, తెరవండి," అన్నాడు. చర్మం కింద శనగగింజంత గడ్డ కదిలింది.

"నరం పట్టిందా సార్?"

"నరం కాదమ్మా. వేలిని లాగే తాడు లాంటిది ఉంటుంది. అది చిన్న రింగులోంచి పోతూ వస్తూ ఉంటుంది. వాడి వాడి ఆ తాడు ఉబ్బింది, రింగు మందమైంది. లోపలికి పోయిన ముడి బయటికి రాలేకపోతోంది, అంతే." తర్వాత, "షుగర్ ఉందా?" అన్నాడు.

లేదన్నాను. ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారన్నాడు. ఎప్పుడూ లేదు. మా అమ్మకు షుగర్‌తోనే పాదం పుండు పడి, కాలు మోకాలి కింద దాకా తీసేశారు. ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు. కట్టు మార్చేది నేనే. ఆ వాసన మరిచిపోలేక, ఆ పరీక్ష ఒక్కటీ చేయించుకోకుండా తప్పించుకుంటూ వచ్చాను. ఆ రోజు తప్పలేదు. రిపోర్టు చూసి డాక్టరు నా వంక చూసిన తీరుతోనే అర్థమైంది. వేలు చూపించుకోవడానికి వెళ్లి అమ్మ జబ్బు తీసుకుని ఇంటికి వచ్చాను. మా ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "మాత్రలు వేసుకుంటే అయిపాయె," అన్నాడు. ఆయనకు మా అమ్మ కాలు గుర్తుంది. అందుకే రెండోసారి నా ముఖంలోకి చూడలేదు.

ముందు అరచేతిలో ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. వారం రోజులు షుగర్ పెరుగుతుంది, భయపడొద్దన్నారు. పెరిగింది, తగ్గింది. వేలు కూడా మూడు నెలలు బాగుంది. నేను మళ్లీ దారం పట్టాను. నాలుగో నెలలో ఒక పొద్దున వేలు మూసుకుని, ఎడమ చేత్తో లాగినా రాలేదు. ముద్ద కలపలేను, జాకెట్ హుక్కు పెట్టుకోలేను, తాళం తిప్పలేను. మా ఆయనే నా జడకు రబ్బరు బ్యాండు వేసేవాడు, వదులుగా, పక్కకి.

"సూదితో చేద్దాం," అన్నాడు డాక్టరు. "కోత లేదు, కుట్లు లేవు. ఆ రింగును చర్మం పైనుంచే సూది మొనతో తెంపేస్తాను. గంటలో ఇంటికి పోవచ్చు. కానీ ముందు షుగర్ దిగాలి." అది దిగడానికి ఆరు వారాలు పట్టింది. కాగితం మీద సంతకం పెట్టించుకునే ముందు ఇంకో మాట కూడా చెప్పాడు. బొటనవేలి స్పర్శ నరం ఆ రింగుకి చాలా దగ్గరగా పోతుంది, ఒక్కోసారి దానికి దెబ్బ తగలొచ్చు అని. విన్నాను. అందరికీ చెప్పే మాటే కదా అనుకుని సంతకం పెట్టాను. వేలు అలా ఉండగా ఆ సంతకం కూడా ఎడమ చేత్తోనే చేశాను.

చిన్న గది. చెయ్యి వెల్లకిలా బల్ల మీద పెట్టమన్నారు. మత్తు ఇంజెక్షన్ పడ్డప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత నొప్పి లేదు, ఒత్తిడి మాత్రం తెలుస్తోంది. డాక్టరు బొటనవేలిని వెనక్కి వంచి పట్టుకున్నాడు. ఆకుపచ్చ గుడ్డలోంచి కనిపిస్తున్న ఆ ముక్క నాది అనిపించలేదు. నేను చూడనని తల తిప్పుకున్నాను. వినిపించడం మాత్రం ఆగలేదు. గోనెసంచి మీద మేకు గీసినట్టు లోపల కరకరమని శబ్దం. సూది ముందుకీ వెనక్కీ కదిలినప్పుడల్లా అదే శబ్దం. ఏదో తెగుతోంది, అది నాలోపలే తెగుతోంది, నేను మెలకువగా ఉండి వింటున్నాను. చివరికి శబ్దం ఆగింది.

"ఇప్పుడు మీరే వంచండి. తెరవండి."

వంచాను. తెరిచాను. ఎక్కడా పట్టలేదు. నాకు నవ్వొచ్చింది. పక్కన నిలబడ్డ నర్సు కూడా నవ్వింది. సూది దూరిన చోట చుక్కంత గాటు, దాని మీద ఒక ప్లాస్టర్, అంతే.

మత్తు సాయంత్రానికి పోతుందన్నారు. మర్నాడు పొద్దున కూడా వేలి బయటి పక్క అంతా మొద్దుగానే ఉంది. గోరు పక్కనుంచి కింది దాకా ఒక పట్టీలా. గిచ్చుకున్నాను. ఇంకెవరి వేలో గిచ్చినట్టుంది. మూడో రోజు డాక్టరు దూదితో, తర్వాత గుండుసూదితో చూశాడు. "ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?" కళ్లు మూసుకుని లేదు, లేదు అంటూనే ఉన్నాను. ఆయన సూది బల్ల మీద పెట్టేశాడు.

"నా సూది ఆ పక్కకు కొంచెం ఎక్కువ పోయినట్టుంది," అన్నాడు. మాట దాచలేదు, దానికి నేనిప్పటికీ ఆయన్ని తప్పుపట్టను. "స్పర్శ తిరిగి రావచ్చు. నెలలు పడుతుంది. పూర్తిగా రాకపోనూ వచ్చు."

"దారం పట్టుకోవచ్చా సార్?"

"వేలు పనిచేస్తుంది," అన్నాడు. నేను అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

దారం ఎంత బిగిసిందో చెప్పేది వేలి ఆ పక్కే. నా పిక్క మీదే పెట్టుకుని చూసుకున్నాను. వదులైతే జారింది, బిగిస్తే చర్మం తెగింది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఇరవై రెండేళ్ల పని ఆ పట్టీలో ఉందని అప్పుడు తెలిసింది. మేడమ్ నన్ను తీసేయలేదు. తలకు నూనె పెట్టడం, తలస్నానాలు చేయించడం నాకు అప్పజెప్పింది. నా కుర్చీకి కొత్తమ్మాయి వచ్చింది. ఒక రోజు రొట్టెలు చేస్తుంటే కాలిన వాసన వచ్చింది. పెనం వైపు చూశాను, రొట్టె బాగానే ఉంది. కాలుతున్నది నా వేలు.

ఆ బొబ్బ ఎండేలోపే బోయిన్‌పల్లి వెళ్లాను. ఆ అమ్మాయి హోల్‌సేల్ కూరగాయల మార్కెట్లో టమాటాలు ఏరే పనిలో ఉందని మాతో పనిచేసిన ఒకామె చెప్పింది. మంగళవారం మా పార్లర్‌కి సెలవు. పొద్దున తొమ్మిదింటికి మార్కెట్లో లారీలు ఖాళీ అవుతున్నాయి. కుళ్లిన ఆకుల మీద కాలు జారుతోంది. ఒక షెడ్డు కింద బోర్లించిన ట్రే మీద ఆమె కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ల మనిషి నలభై ఏళ్లదానిలా ఉంది. చెడ్డ టమాటాలు తీసి పక్కకు విసురుతోంది. నాలుగు వేళ్లే కదులుతున్నాయి. బొటనవేలు కొక్కెంలా వంగి ఉంది. అది తెరుచుకోవడమూ లేదు, మూసుకోవడమూ లేదు.

"నన్ను గుర్తుపట్టినవా?"

"నిన్ను మర్చిపోతనా అక్కా," అంది, చెయ్యి ఆపకుండా.

పక్కన కూర్చోవడానికి ఏమీ లేదు. నిలబడే చెప్పాను.

"నాకు సుత గట్లనే అయింది. సూదితో తెరిచిన్రు. ఈ పక్క మొద్దుబారింది. ఇగ దారం పడ్తలేను."

ఆమె నా వేలు చూసింది. "తెరుసుకుంటుంది గద," అంది.

"తెరుసుకుంటుంది."

"మరి ఇంకేంది?"

"గప్పుడు నువ్వు నాటకం చేస్తలేవని నాకు తెలుసు. తెలిసే చెప్పిన."

ఆమె చేతిలోని టమాటాను నొక్కి చూసింది. మెత్తబడ్డదే. పక్కకు విసిరింది.

"నీకు తెలుసని నాకు గప్పుడే తెలుసు," అంది. "గుంజినప్పుడు నా మొఖం చూసినవు. చూసి మళ్ల గుంజినవు."

రెండుసార్లు గుంజానని నేను మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. ఇన్నేళ్లుగా నా లెక్కలో అది ఒక్కసారే.

డాక్టరు దగ్గరికి పోదాం రమ్మన్నాను. "నొప్పి పోయి మస్తు ఏండ్లాయె. ఇప్పుడు కట్టె లెక్క ఉన్నది. పో అక్కా," అంది. మరుసటి మంగళవారం మళ్లీ వెళ్లాను. తల ఎత్తలేదు. మూడో మంగళవారం నన్ను చూసి, చీర కొంగుకి చేతులు తుడుచుకుని లేచింది. ఎందుకు మనసు మారిందో ఆటోలో చెప్పింది. "బడికి తోల్కపోతుంటే నా బిడ్డ చెయ్యి ఇడిపించుకుంది. అమ్మా, నీ వేలు గుచ్చుకుంటుంది అన్నది."

డాక్టరు ఆమె వేలిని మెల్లగా వెనక్కి తోశాడు. కదల్లేదు. ఎక్స్‌రే చూశాడు. సూదితో అయ్యే పని కాదన్నాడు. ఇన్నేళ్లు వంగే ఉండటంతో కీలే బిగుసుకుపోయింది. కోసి రింగు తెరవాలి, తర్వాత నెలల తరబడి వ్యాయామం చేయించాలి, అయినా పూర్తిగా వస్తుందని చెప్పలేను అన్నాడు. "మొదట్లోనే వచ్చుంటే ఒక ఇంజెక్షన్‌తో పోయేదేమో," అన్నాడు. ఆమెతో అన్నాడు గానీ, ఆమె నన్ను చూసింది.

ఆయనే పెద్ద సర్కారు దవాఖానకు రాసిచ్చాడు. ఓపీ లైన్లో ఇద్దరం నిలబడ్డాం. రక్తపరీక్షకు ఒక రోజు, ఎక్స్‌రేకి ఒక రోజు, డేట్ కోసం ఇంకో రోజు. ఆపరేషన్ అయిన రోజు ఆమె భర్త పనికి పోవాల్సి వచ్చింది. బయట బెంచీ మీద నేనే కూర్చున్నాను. కట్టుతో బయటికి వచ్చి, నీళ్లు అడిగింది. సీసా మూత తీయడం ఆమె వల్ల కాలేదు. నేనే తీశాను, రెండు మూడుసార్లు జారింది.

కుట్లు తీశాక ప్రతి మంగళవారం దవాఖానలోనే వ్యాయామం. వేడి మైనంలో చెయ్యి ముంచి, అక్కడి మేడమ్ వేలిని కొంచెం కొంచెంగా వెనక్కి వంచేది. ఆమె పళ్లు బిగబట్టి గోడ వైపు చూసేది. చూడలేక నేను బయట నిలబడేదాన్ని. ఒకసారి లోపలినుంచి ఆమె పిలిచింది. "అక్కా, లోపలికి రా. చూడు." వెళ్లాను. వేలు కాస్త తెరుచుకుందేమో, అది చూపించడానికి పిలిచిందనుకున్నాను. అక్కడి మేడమ్ వేలు పట్టి వంచుతోంది. ఆమె నొప్పితో వణుకుతూ నా కళ్లలోకి చూస్తోంది. అయిపోయేదాకా నన్ను కదలనివ్వలేదు.

మూడు నెలల తర్వాత, ఇంతకంటే రాదని చెప్పేశారు. సగం వచ్చింది. గ్లాసు పట్టుకోగలదు, బిడ్డ చెయ్యి పట్టుకోగలదు. దారం పట్టుకోలేదు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

చివరి మంగళవారం బస్టాపులో నిలబడ్డాం. పార్లర్‌లో తలస్నానాల పని ఉంది, మేడమ్‌తో మాట్లాడతాను, వస్తావా అని అడిగాను. ఆమె బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూసింది.

"వద్దక్కా. ఇగ నువ్వు మార్కెట్ కాడికి రాకు."

"సరే," అన్నాను.

"దవాఖానకు తిప్పినవు, మంచిదే. కానీ నా కోపం పోయిందనుకోకు. పోలే. పోతదో లేదో సుత నాకు తెల్వదు."

ఆమె బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు, ఆమె ఆఖరున ఎక్కింది. లోపల చోటు లేక మెట్టు మీదే నిలబడి కుడి చేత్తో తలుపు పక్క రాడ్డు పట్టుకుంది. నాలుగు వేళ్లు గట్టిగా పట్టాయి. బొటనవేలు రాడ్డు దాకా వచ్చి, చుట్టూ తిరగలేక అక్కడే ఆగింది. బస్సు కదిలింది.